పాత బోన్సాయ్ కుండీ కడిగితే చాలదు.. తిరిగి నాటే ముందు శుద్ధి తప్పనిసరి

బోనకల్: పదిహేను, ఇరవై ఏళ్లు కంటికి రెప్పలా పెంచిన బోన్సాయ్ చెట్టు కుండీ మార్చిన నెల రోజులకే వాడిపోతే యజమాని మొదట నీటిని, తర్వాత ఎరువును, చివరకు దిష్టిని అనుమానిస్తారు. కుండీని మాత్రం అనుమానించరు. అంతకుముందు అందులో పెరిగి ఎండిపోయిన మొక్క వదిలి వెళ్లిన తెగులే కొత్తగా వచ్చిన చెట్టును పట్టిందన్న సంగతి చాలామందికి తోచదు. పైకి కుండీ శుభ్రంగానే కనిపిస్తుంది. ఒకసారి నీళ్లు చల్లి, గుడ్డతో తుడిచి, మట్టి నింపేస్తారు. కడగడం వేరు, క్రిములు లేకుండా శుద్ధి చేయడం వేరు. మొదటిది చేయకుండా రెండోది ఫలించదు. మొదటిదానితోనే ఆపేస్తే రోగం లోపలే ఉండిపోతుంది.

బోన్సాయ్ అన్న జపాను మాటకు పళ్లెంలో నాటిన మొక్క అని అర్థం. పేరులోనే కుండీ ఉంది. చైనాలో పెన్‌జింగ్‌గా పుట్టి జపానులో మెరుగులు దిద్దుకున్న ఈ విద్య తెలుగువారికి కొత్తేమీ కాదు. వామన వృక్షాలన్న పేరు దీనికి ఎప్పుడో స్థిరపడింది. తూర్పుగోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలలో మర్రి, రావి, జువ్వి, చింత, కాగితపు పూలు, అడీనియం వంటివి కురచ చెట్లుగా తీర్చి విక్రయిస్తారు. మైసూరు అవధూత దత్తపీఠంలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం 2016లో 2,649 చెట్ల ప్రదర్శనతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ పీఠానికి తెలుగునాట భక్తులు అధికం కావడంతో అక్కడికి వెళ్లివచ్చి ఒకటి రెండు కుండీలు తెచ్చుకున్నవారు మన ప్రాంతంలోనూ తారసపడుతుంటారు. బోనకల్ మిరప, పత్తి, వరి పండే మండలం. ఇక్కడ బోన్సాయ్ పెంచేవారిని వేళ్లపై లెక్కించవచ్చు. అయినా పాత కుండీ నుంచి వచ్చే ముప్పు వారి డాబాలతో ఆగేది కాదు. అది మిరప నారుమడికీ, ఇంటిల్లిపాది ఆరోగ్యానికీ సంబంధించినది. ఆ వివరాలు దిగువన ఉన్నాయి.

చిన్న కుండీకే ముప్పు ఎక్కువ

నేలలో పెరిగే చెట్టుకు ఒక వైపు వేరు కుళ్లితే మరో వైపు వేరు ఆదుకుంటుంది. బోన్సాయ్‌కు ఆ వెసులుబాటు లేదు. జానెడు లోతు కూడా లేని పళ్లెంలో, గుప్పెళ్లతో కొలవదగిన మట్టిలో చెట్టు ప్రాణమంతా ఉంటుంది. పైగా కుండీ మార్చేటప్పుడు మూడో వంతు దాకా వేర్లను కత్తిరిస్తారు. కోసిన ప్రతి వేరు కొస ఒక పచ్చి పుండు. ఆ పుండ్లు ఆరకముందే తెగులు కారకాలు అంటుకుని ఉన్న గోడకు వేర్లను ఆనించడమంటే రోగాన్ని చేతులారా ఎక్కించడమే.

కుండీలో మిగిలేవి ఒక్క రకం కావు. వేరుకుళ్లును కలిగించే పిథియం, ఫైటోఫ్తొరా శిలీంధ్రాలు తడిలో విజృంభించి, పొడి కాలంలో మందపాటి పొర గల బీజాలుగా మారి కునుకు తీస్తాయి. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం కూడా మట్టి పొడిలో, ఎండిన వేరు ముక్కల్లో ఏళ్ల తరబడి నిలవగలదు. వేరుశనగ రైతులకు మొదలు కుళ్లు తెగులు పరిచితమే. దానికి కారణమైన స్క్లెరోషియం శిలీంధ్రం ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలను తయారు చేస్తుంది. కుండీ అడుగున, నీరు పోయే రంధ్రం చుట్టూ ఇవి అంటుకుని కనిపిస్తే ఏదో ఎరువు గుళికలని పొరబడే ప్రమాదం ఉంది. నలిపి చూస్తే గుట్టు తెలుస్తుంది. పూత ఎరువు గుళిక చిట్లితే లోపల ఉప్పులాంటి పలుకో, ద్రవమో ఉంటుంది. శిలీంధ్రపు గింజ లోపల తెల్లగా, గట్టిగా ఉంటుంది.

వీటికి తోడు వేరుబొడిపె నులిపురుగుల గుడ్లు, మట్టిలో దాగి వేర్లను పీల్చే పిండినల్లి, కుండీ కాళ్ల సందుల్లో నత్త గుడ్లు ఉంటాయి. వేర్లపై తెల్లటి పిండి చల్లినట్లు ఉండి, కుండీ లోపలి గోడకు కూడా అదే పిండి మరకలు కనిపిస్తే వేరు పిండినల్లి ఉన్నట్లు భావించవచ్చు.

మిరప రైతుకు ఈ లెక్కలన్నీ అనుభవమే. నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా ఒరిగిపోవడం చూడని రైతు ఖమ్మం జిల్లాలో ఉండరు. ఆ నారుకుళ్లుకు కారణం ఈ పిథియం, రైజోక్టోనియా వంటివే. షేడ్‌నెట్లలో ప్రోట్రేలు వాడి నారు పెంచే పద్ధతి వచ్చాక, ఒక పంట నారు తీసిన ట్రేలను శుద్ధి చేయకుండా మళ్లీ కొబ్బరి పొట్టు నింపితే ఏమవుతుందో నర్సరీ నడిపేవారికి తెలుసు. బోన్సాయ్ కుండీకీ, ప్రోట్రేకూ సూత్రం ఒక్కటే. కింద చెప్పిన మందు మోతాదులు ఆ ట్రేలకూ వర్తిస్తాయి.

ఆ తెల్లటి పెచ్చు ఏమిటి?

పాత కుండీ అంచున, రంధ్రం వద్ద, మట్టి మట్టం తగిలే చోట తెల్లటి పెచ్చు కట్టడం సర్వసాధారణం. బోరు నీరు వాడే ఊళ్లలో ఇది మరీ అధికం. కఠిన జలంలోని సున్నపు లవణాలు నీరు ఆవిరైన కొద్దీ గోడకు పేరుకుంటాయి. ఇంట్లో స్టీలు బిందె అడుగున కట్టే గార లాంటిదే ఇది. దీనికి ఎరువుల ఉప్పు కలుస్తుంది. పొలానికి తెచ్చిన డీఏపీ, యూరియా సంచుల నుంచి గుప్పెడు తీసి కుండీలో వేసే అలవాటు మన దగ్గర ఉంది. చారెడు మట్టిలో అది ఏమవుతుందో ఆలోచించరు. ఆ ఉప్పే అంచున పేరుకుని, కాండం తగిలిన చోట బెరడును మాడుస్తుంది.

తెల్లగా ఉన్నదంతా సున్నం కాదు. గుర్తించడానికి తేలిక పరీక్ష ఉంది. పెచ్చుపై రెండు చుక్కలు వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ వేయాలి. బుడగలు పొంగితే అది సున్నపు పెచ్చు. పొంగక, నీటిలో తేలిగ్గా కరిగిపోతే ఎరువుల ఉప్పు. దూదిలా మెత్తగా ఉండి వేలికి అంటుకుంటే బూజో, పిండినల్లో అయి ఉంటుంది.

ఈ పెచ్చును కేవలం అందం కోసం తీయాలనుకోవడం పొరపాటు. పెచ్చు కింద, పెచ్చు పగుళ్లలో క్రిములు భద్రంగా ఉంటాయి. పైన పోసిన క్రిమిసంహారిణి అక్కడికి చేరదు. కాబట్టి గార తీసిన తర్వాతే మందు. ఈ క్రమాన్ని తిరగవేస్తే పడిన శ్రమంతా వృథా.

మొదట పొడి పని, తర్వాత తడి పని

చెట్టు తీసిన వెంటనే కుండీని నీళ్లలో ముంచరాదు. మట్టి బురదై సందుల్లోకి చొరబడుతుంది. రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి, వెదురు పుల్లతోగానీ, పాత టూత్‌బ్రష్‌తోగానీ ఎండిన మట్టిని, వేరు ముక్కలను రాల్చాలి. రంధ్రాలపై బిగించిన ప్లాస్టిక్ జాలీలను, చెట్టును కట్టిన తీగలను తీసి పారేయాలి. వాటి ఖరీదు స్వల్పం, వాటిని శుద్ధి చేసే శ్రమ ఎక్కువ. కాళ్ల కింది భాగాన్ని మరువరాదు. అందరూ లోపలి భాగాన్నే చూస్తారు. నత్తలకూ, చీమలకూ ఆవాసం కింద ఉంటుంది.

తర్వాత గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు వేసి, ప్లాస్టిక్ కుచ్చు బ్రష్‌తోగానీ, కొబ్బరి పీచుతోగానీ రుద్దాలి. ఇనుప పీచు వాడితే మెరుపు పూతపై గీతలు పడతాయి. బూడిదతో తోమడం మన పెద్దల పద్ధతి. జిడ్డుకు, నాచుకు అది బాగా పనిచేస్తుంది. అయితే బూడిద క్షార గుణం కలది కావడంతో సున్నపు పెచ్చును కరిగించలేదు. ఆ పనికి పులుపే కావాలి.

వెనిగర్, నీరు సమపాళ్లలో కలిపి అరగంట నుంచి గంట వరకు నానబెట్టి రుద్దితే పలుచని గార పోతుంది. కిరాణా దుకాణాల్లో దొరికే నిమ్మ ఉప్పు ఇంకా చౌక. లీటరు వేడి నీటిలో రెండు చెంచాలు కరిగించి, చల్లారాక వాడుకోవచ్చు. పెచ్చు మందంగా ఉంటే ఆ ద్రావణంలో తడిపిన గుడ్డను దానిపై చుట్టి రాత్రంతా ఉంచి, తెల్లవారి చెక్క పుల్లతో గీకాలి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయాలి తప్ప స్నానాల గది కడిగే ఆసిడ్ జోలికి వెళ్లరాదు. అది సున్నాన్ని క్షణాల్లో కరిగించే మాట నిజమే. దానితోపాటు మట్టిలోని ఇనుప రంగునూ లాగి, మెరుపు పూతను మసకబరుస్తుంది. కళ్లకూ, ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది.

పులుపు వాడిన కుండీని రెండు మూడు సార్లు మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. అదే రోజున బ్లీచింగ్‌కు పూనుకోరాదు. ఒక రోజు వ్యవధి ఇవ్వాలని చెప్పడానికి బలమైన కారణం ఉంది.

ఈ రెండూ కలిస్తే విషవాయువు

బ్లీచింగ్ పౌడరుగానీ, ద్రవ రూపంలోని బ్లీచ్‌గానీ పులుపుతో, ఆసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర వద్ద సైనికులపై ప్రయోగించిన వాయువు అదే. స్నానాల గదిలో తలుపు వేసుకుని రెండు సీసాలూ ఒకే బకెట్టులో పోసిన వారు దగ్గుతో, కళ్ల మంటతో, ఊపిరాడక ఆసుపత్రి పాలైన ఉదంతాలు ఏ దేశంలోనైనా ఉన్నాయి. అమ్మోనియా ఉన్న ద్రవాలతో, పశువుల మూత్రంతో కలిసినా హానికర వాయువులు వస్తాయి. కాబట్టి పశువుల కొట్టంలో ఈ పని పెట్టుకోరాదు. గాలి ఆడే ఆరుబయట, పిల్లలకు దూరంగా చేయాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ధరించాలి. ఘాటు ముక్కుకు తగిలి దగ్గు మొదలైతే బకెట్టును సర్దే ప్రయత్నం చేయకుండా ముందు గాలిలోకి వెళ్లిపోవాలి. ఊపిరి కష్టంగా ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు చేరాలి.

మోతాదు ఎంత?

2020లో కరోనా వచ్చినప్పుడు వీధుల్లో పిచికారీ చేసిన సోడియం హైపోక్లోరైట్ ద్రావణం పల్లెల్లో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ అదే. సీసాపై 4 లేదా 5 శాతం అని రాసి ఉంటే ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీరు కలపాలి. అప్పుడు సుమారు అర శాతం బలం గల ద్రావణం తయారవుతుంది. కుండీల శుద్ధికి అది చాలు.

పల్లెల్లో తేలిగ్గా దొరికేది బ్లీచింగ్ పౌడరు. తాజా సరుకులో మూడో వంతు మేరకు క్లోరిన్ ఉంటుంది. ఆ లెక్కన లీటరు నీటికి 15 గ్రాములు, పది లీటర్ల బకెట్టుకు 150 గ్రాములు వేస్తే అర శాతం ద్రావణం వస్తుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మూత తెరిచి ఉంచిన సంచిలో, తేమ తగిలే చోట ఈ పౌడరు నెలల్లోనే సత్తువ కోల్పోతుంది. ఘాటు లేని, గడ్డలు కట్టిన పాత పౌడరును ఎంత పోసినా సున్నం పూసినట్లే. వాసన చూసి కాకుండా తయారీ తేదీ చూసి కొనడం ఉత్తమం.

పౌడరును ముందు కొద్ది నీటిలో జావలా కలిపి, మిగతా నీరు పోసి, అరగంట తేరనివ్వాలి. అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. పైన తేరిన నీటినే ప్లాస్టిక్ బకెట్టులోకి వంచుకోవాలి. ఇనుము, అల్యూమినియం పాత్రలు పనికిరావు. మడ్డితో సహా వాడితే అప్పటిదాకా కష్టపడి తీసిన సున్నాన్ని మళ్లీ కుండీకి పూసినట్లవుతుంది. ద్రావణాన్ని కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి దాచరాదు.

కుండీ పూర్తిగా మునగాలి. ప్లాస్టిక్, మెరుపు పూత కుండీలకు పది నుంచి పదిహేను నిమిషాలు, నీరు పీల్చే మట్టి కుండీలకు అరగంట ఉంచాలి. మునగనంత పెద్ద తొట్టి అయితే ద్రావణంలో ముంచిన గుడ్డలను లోపలా బయటా పరచి, ఆరిపోకుండా తడుపుతూ అంతసేపూ ఉంచవచ్చు. ద్రావణం మురికిగా మారితే పారబోసి కొత్తది కలపాలి. మట్టి, నాచు, వేరు ముక్కలు క్లోరిన్‌ను తినేస్తాయి. ముందు రుద్ది కడగాలని పదే పదే చెప్పడం ఇందుకే. మురికి కుండీని బ్లీచింగ్‌లో ముంచితే మందు మురికితోనే ఖర్చైపోతుంది, క్రిమి దాకా వెళ్లదు.

తీసిన తర్వాత మంచినీటిలో రెండు మూడు సార్లు కడిగి, ఒక పూట మంచినీటిలో నానబెట్టి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. మొక్కకు హాని చేసేంత క్లోరిన్ మిగలదు. ఆఖరి కడుగుడుకు కాలువ నీరు వాడరాదు. సాగర్ ఎడమ కాలువ బోనకల్ బ్రాంచి నీరు పొలానికి అమృతమే కావచ్చు గానీ, పొలాలమీదుగా పారే ఏ నీటిలోనైనా వేరుకుళ్లు బీజాలు ఉండవచ్చు. పట్టిన వాన నీరు ఉంటే అంతకు మించినది లేదు, గార బెడదా ఉండదు. వాడేసిన ద్రావణాన్ని మొక్కల మొదట్లో, చేపల చెరువులో, పశువుల తొట్టి దగ్గర పారబోయరాదు. ఒక రోజంతా ఎండలో విశాలమైన టబ్బులో ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది.

పసుపు నీళ్లు, వేపాకు కషాయం సరిపోవా అని అడిగేవారుంటారు. వాటికి కొంత గుణం ఉన్నమాట కాదనలేం. అయితే గోడ రంధ్రాల్లో దాగిన బీజాలను చంపుతాయన్న భరోసా లేదు. కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం మొక్కకు తెగులు రాకుండా కాపాడే మందులు, పాత్రను శుద్ధి చేసేవి కావు. ఫినాయిల్ మట్టి కుండీలో ఇంకి వాసన వదలదు కాబట్టి దాన్ని దూరంగా ఉంచడమే మేలు.

వేడితో, ఎండతో..

రసాయనం ఇష్టం లేనివారికి వేడి నీరు మంచి ప్రత్యామ్నాయం. తడి వేడి 60 డిగ్రీల వద్ద అరగంట నిలిస్తే తెగులు కలిగించే శిలీంధ్రాల్లో, బ్యాక్టీరియాలో అధిక భాగం నశిస్తాయి. నులిపురుగులు అంతకంటే ముందే చస్తాయి. చేయవలసిన తీరు ముఖ్యం. మరిగే నీటిని చల్లని కుండీపై పోస్తే ఠక్కున పగులుతుంది. గంగాళంలో చల్లటి నీరు పోసి, అడుగున గోనెపట్టా వేసి, కుండీని అందులో ఉంచి, పొయ్యిపై నిదానంగా వేడెక్కించాలి. దించిన తర్వాత అదే నీటిలో చల్లారనివ్వాలి. ప్లాస్టిక్ కుండీలు వంకర పోతాయి కాబట్టి వాటికి ఈ పద్ధతి వద్దు. పగుళ్లు ఉన్నవాటికీ వద్దు.

మన ఎండలు మరో సాధనం. మే నెలలో ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలు తాకే ఖమ్మం జిల్లాలో డాబా కాంక్రీటు ఎంత కాలుతుందో చెప్పనక్కర్లేదు. తడిపిన నేలపై పారదర్శక పాలిథీన్ కప్పి ఎండ వేడితో తెగుళ్లను అణచే పద్ధతిని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకొవ్ కటాన్ బృందం 1976లో ప్రకటించింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో నర్సరీ మట్టిలోని నులిపురుగుల నివారణకు, పాలిథీన్ కింద మట్టి 70 డిగ్రీల వద్ద అరగంట లేదా 60 డిగ్రీల వద్ద గంటసేపు ఉండాలన్న ప్రమాణం పాటిస్తారు. కడిగిన కుండీలను తడిగానే పారదర్శక పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, వేసవిలో రెండు వారాలు డాబాపై ఉంచవచ్చు. తడి ఉండటం ముఖ్యం. పొడి వేడిని బీజాలు తట్టుకుంటాయి, తడి వేడికి లొంగుతాయి. ఉష్ణమాపకం పెట్టి చూసుకోలేనప్పుడు మాత్రం ఎండను ఒక్కదాన్నే నమ్ముకోకుండా బ్లీచింగ్‌కు తోడుగా భావించడం క్షేమకరం. ముసురు పట్టే జులైలో ఈ పద్ధతి ఊసే ఎత్తరాదు.

ఏ కుండీకి ఎంత?

కుమ్మరి చేసిన సాదా మట్టి కుండీ నీటిని, ఉప్పును, క్రిమిని కూడా పీలుస్తుంది. చెట్టు వేరుకుళ్లుతో చనిపోయి, కుండీకి లోతైన పగుళ్లు కూడా ఉంటే శుద్ధికి ప్రయాసపడకుండా పగలగొట్టి, ఊరి కుమ్మరి వద్ద మరొకటి కొనుక్కోవడం వివేకం. ఆయనకూ నాలుగు డబ్బులు దక్కుతాయి. సిమెంటు తొట్లు ఆసిడ్‌కూ, పులుపుకూ కరుగుతాయి. వాటికి రుద్దుడు, బ్లీచింగ్ మాత్రమే.

జపానులోని తొకొనమె, చైనాలోని యిషింగ్ వంటి చోట్ల కాల్చిన కుండీలు ఎవరి వద్దనైనా ఉంటే వాటి తీరు వేరు. అక్కడ పాతబడిన కుండీకి విలువ పెరుగుతుంది. ఏళ్ల వాడకంతో బయటి గోడకు వచ్చే నునుపును, మసక రంగును ఆభరణంగా భావిస్తారు. టోక్యోలో 1934లో మొదలైన కొకుఫు ప్రదర్శనకు చెట్టును తగిన కుండీలోనే నిలుపుతారు. అటువంటి కుండీని లోపల శ్రద్ధగా రుద్దాలి. బయట మెత్తటి గుడ్డ, నీరు దాటి పోరాదు. గార గీకిన చోట రంగు తేలిపోతే ఒక చుక్క నూనె గుడ్డపై వేసి పలుచగా తుడిస్తే సరిపోతుంది. ఆ నూనె లోపలి గోడకు తగలరాదు.

పాత మట్టిని ఎక్కడ వేయాలి?

ఇది బోన్సాయ్ పెంచేవారికంటే ఊరికి ముఖ్యమైన విషయం. కుండీ నుంచి తీసిన మట్టిని పెరట్లో కూర మడిలోనో, చేనులోనో గుమ్మరించడం అందరి అలవాటు. మంచి మట్టి కదా అని. వేరుబొడిపె నులిపురుగు మర్రి జాతి చెట్లనూ, దానిమ్మ, జామలనూ, మిరప, టమాటా, వంగలనూ పట్టగలదు. జామను నాశనం చేస్తున్న మెలొయిడోగైని ఎంటరోలోబి అనే జాతి భారతదేశంలో ఉన్నట్లు 2016లో తమిళనాడు నుంచి వెల్లడైంది. అది తోట నుంచి తోటకు పాకింది ప్రధానంగా నర్సరీ మొక్కల వేళ్లకున్న మట్టితోనే. ఎక్కడో నర్సరీలో చేరిన పురుగు కుండీలో ప్రయాణించి, మన డాబాపై నాలుగేళ్లు ఉండి, చివరకు మిరప చేలో దిగితే దాన్ని మళ్లీ తీయడం రైతు తరం కాదు.

తీసిన వేర్లను ఒకసారి పరిశీలించాలి. గింజల్లాంటి బొడిపెలు వరుసగా కనిపించి, అవి వేలితో దులిపితే ఊడకుండా వేరులో భాగంగా ఉబ్బి ఉంటే అనుమానించాలి. పప్పుజాతి వేళ్లపై ఉండే మేలు చేసే బుడిపెలు అయితే గిల్లితే ఊడివస్తాయి. చింత కూడా ఆ కుటుంబానిదే అయినా దాని వేళ్లపై అటువంటి బుడిపెలు ఉండవు. కాబట్టి చింత బోన్సాయ్ వేళ్లపై బొడిపెలు ఉంటే మేలని సరిపెట్టుకోరాదు. సందేహం ఉంటే వేర్లను తడి కాగితంలో చుట్టి, చేరువలోని వైరా కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ, మధిర వ్యవసాయ పరిశోధన స్థానంలోగానీ చూపించవచ్చు. తెగులు సోకిన వేర్లను కాల్చివేయాలి. మట్టిని పాలిథీన్ సంచిలో తడిగా మూసి వేసవి అంతా ఎండబెట్టాలి, లేదా సాగుకు పనికిరాని చోట లోతుగా పూడ్చాలి.

కత్తెరలు, వేర్లు విడదీసే కొక్కేలు కూడా కుండీతోపాటే శుద్ధి కావాలి. బ్లీచింగ్ ఇనుమును తుప్పు పట్టిస్తుంది. వాటికి 70 శాతం స్పిరిట్‌తో తుడవడం చాలు. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్లే ముందు ప్రతిసారీ తుడవాలి. స్పిరిట్ ఆరేవరకు పొయ్యి, బీడీ దరిచేరనీయరాదు.

నాటే రోజున

ఎండిన మట్టి కుండీ దాహంతో ఉంటుంది. అలాగే నాటితే లేత వేర్లకు అందవలసిన తడిని గోడ లాగేస్తుంది. నాటడానికి ముందు గంటసేపు మంచినీటిలో ఉంచి, నీరోడ్చి వాడాలి. కొత్త జాలీ, కొత్త తీగ, కొత్త మట్టి మిశ్రమం.. మూడూ అవసరమే. శుద్ధి చేసిన కుండీలో పాత మట్టి నింపే వారిని ఏమనాలో తెలియదు. ట్రైకోడెర్మా విరిడి వంటి మేలు చేసే శిలీంధ్రాన్ని మట్టిలో కలపదలచుకుంటే క్లోరిన్ వాసన పూర్తిగా పోయిన తర్వాతే కలపాలి, లేకుంటే అదే ముందు చస్తుంది. మన వాతావరణంలో ఆకు రాల్చే చెట్లకు ఫిబ్రవరి, మార్చి నెలలు, మర్రి, జువ్వి, రావి వంటి వాటికి తొలకరి అనువైన కాలం. మిరప నారు పోసే రోజులూ అవే కావడంతో బ్లీచింగ్ పనిని రెంటికీ కలిపి ఒకేసారి పెట్టుకోవచ్చు.

ఖాళీ కుండీతో డెంగీ

2016లో బోనకల్ మండలాన్ని డెంగీ కుదిపేసింది. రావినూతల పేరు అప్పట్లో రాష్ట్రమంతటా వినిపించింది. జ్వరంతో మంచం పట్టని ఇల్లు వెతకవలసి వచ్చిన ఆ రోజులను ఈ ప్రాంత ప్రజలు మరువలేరు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాక ఇంటి చుట్టూ నిలిచే మంచి నీటిలోనే పెరుగుతుంది. పూల కుండీల కింది పళ్లేలు, రంధ్రం పూడుకుపోయిన ఖాళీ తొట్లు దానికి ఇష్టమైన నెలవులు. చెట్టు తీసి గోడ పక్కన పడేసిన బోన్సాయ్ పళ్లెం ఒక్క వానకే నిండుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

చాలామంది నీళ్లు ఒలకబోసి నిశ్చింతగా ఉంటారు. అంతటితో పని పూర్తి కాదు. ఈ దోమ నీటిలో కాక నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు గుడ్లను అతికిస్తుంది. అవి ఎండినా చావవు. ఎనిమిది నెలల వరకు అలాగే ఉండి, నీరు తగలగానే పొదుగుతాయి. వేసవిలో ఎండిన తొట్టి తొలకరిలో దోమలకు పుట్టిల్లు కావడం వెనుక మర్మమిదే. కుంచెతో గట్టిగా రుద్దితేనే గుడ్లు ఊడతాయి. వారానికొక రోజు పాటించే డ్రై డే నాడు కూలర్లు, డ్రమ్ములతోపాటు కుండీల కింది పళ్లేలనూ రుద్ది కడగాలి.

శుద్ధి చేసి ఆరబెట్టిన కుండీలను వెంటనే వాడకపోతే బోర్లించి, నేలకు తగలకుండా చెక్కపైనో, అటకపైనో ఉంచాలి. ఒకదానిలో ఒకటి పేర్చేటప్పుడు మధ్య కాగితం పెడితే అంచులు చిట్లవు. ఏ కుండీలోని చెట్టు ఏ తెగులుతో పోయిందో ఒక చీటీ రాసి అందులో వేస్తే తర్వాతి సంవత్సరం గుర్తుంటుంది. అలా భద్రపరచిన కుండీకి మళ్లీ బ్లీచింగ్ అవసరం లేదు. దుమ్ము పోయేలా ఒకసారి మంచినీటితో కడిగి, గంట నానబెట్టి నాటుకోవచ్చు.